పదో వాయనం

ఈ మాట ఇన్నేళ్లూ కడుపులోనే దాచుకున్నాను. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో అనగలుగుతున్నానేమో.

మాది కోస్తా. ఆయన ఉద్యోగం కోసం గోదావరిఖని వచ్చి బొగ్గుగని క్వార్టర్లలో స్థిరపడ్డాం. ఆ ఏడు నా అట్లతద్ది నోముకు ఉద్యాపన. పది మంది ముత్తైదువలు నాతోపాటు పగలంతా ఉపవాసముండి, చంద్రుణ్ణి చూశాక అట్ల వాయనం అందుకోవాలి. తొమ్మిది మందే దొరికారు. పక్క క్వార్టర్ స్వరూపది ఇక్కడి ఊరే, వాళ్లకు ఈ పండగే లేదు. అయినా నా కోసం పదో ముత్తైదువగా పస్తు ఉంది. మధ్యాహ్నం నుంచీ మా వంటింట్లోనే కూర్చుని అట్లు పోసింది.

చీకటి పడుతుండగా ఆమె భర్త ఓదెలుతో గనిలో పనిచేసే మనిషి మా గేటు దగ్గర బండి ఆపాడు.

"స్వరూపక్క ఇంటికి తాళమేసున్నది. ఓదెలన్నకు బాగ దెబ్బ తాకింది, దవాఖానకు తీస్కపోయిన్రు. ఆమెను జల్ది తోలియ్యాలె."

"బజారుకెళ్లింది. రాగానే పంపిస్తాను," అన్నాను.

అతను వెళ్లిపోయాడు.

ఎందుకలా అన్నాను? దెబ్బ చిన్నదే అనుకున్నానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. అతని ముఖం చూడగానే నాకు అర్థమైంది. పదో ముత్తైదువ వెళ్లిపోయి నోము ఆగిపోతే నా భర్తకేమవుతుందోనన్న భయం ఒకటి. అంతకన్నా నీచమైనది ఇంకొకటి, జరగరానిది జరిగేలోగా, ఆమె ఇంకా ముత్తైదువగా ఉండగానే, వాయనం ఇచ్చేయాలని. అవును, అదే అనుకున్నాను.

ఆ రోజు మబ్బు పట్టింది. చంద్రుడు కనపడేసరికి చాలా ఆలస్యమైంది. స్వరూప కాళ్లకు పసుపు రాసి, బొట్టు పెట్టి, అట్లు ఆమె కొంగులో పెట్టాను. అప్పుడు చెప్పాను, కబురు ఆ క్షణమే వచ్చినట్టు. కొంగు అలాగే పట్టుకుని పరిగెత్తింది. ఆమె చేరేసరికి ఓదెలు పోయాడు.

దినాలయ్యాక వచ్చి, "ఆఖరి బొట్టు నీ చేతనే పెట్టించుకున్ననక్కా," అని నన్ను పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. నాది స్నేహం అనుకుంది.

ఓదెలు చివరిదాకా తెలివిలోనే ఉన్నాడట. "స్వరూప వచ్చిందా?" అని అడుగుతూనే ఉన్నాడట. ఆ కబురు తెచ్చిన మనిషే తర్వాత నాతో చెప్పాడు. అతనూ స్వరూపా ఎప్పుడైనా ఎదురుపడి ఆ సాయంత్రం గురించి మాట్లాడుకుంటారేమోనని నాకు ఇప్పటికీ భయమే. సిగ్గులేని భయం.

ఆమెకు భర్త ఉద్యోగం ఇచ్చారు. ఇప్పుడు సెంటినరీ కాలనీలో ఉంటుంది. పండగలకు ఫోన్ చేసి "బావ పానం మంచిగున్నదా?" అని అడుగుతుంది. బాగానే ఉన్నారంటాను. నిజంగానే బాగున్నారు.

ఆమెకు చెప్పే ధైర్యం నాకు లేదు, వస్తుందనీ అనుకోను. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీరిచ్చేది కాదు. ఒక్కసారి నిజం నా నోటితో అనాలని, అంతే. స్వరూప బజారుకెళ్లలేదు. మా వంటింట్లోనే ఉంది. పిలిస్తే పలికేది.