దేవుడు గది మారిన ఇల్లు

మా అత్త, అంటే నా భార్య తల్లి, పోయిన శుక్రవారం తెల్లారేసరికి నిద్రలోనే కన్నుమూసింది. పరామర్శకు వచ్చినవాళ్లు నా ముఖంలో దుఃఖం కోసం వెతుక్కున్నారు. దుఃఖం లేదని కాదు. ముందు కలిగింది మాత్రం ఊరట. ఎందుకో చెప్పాలి.

చిత్తూరులో మేముండేది ఆమె కాపురానికి వచ్చిన పాత మిద్దె ఇల్లు. వీధి నుంచి దొడ్డి దాకా రైలు పెట్టెలా పొడుగ్గా ఉంటుంది. రెండు పక్కలా పొరుగువాళ్లతో ఉమ్మడి గోడలు. కక్కసు దొడ్డి చివర. పిల్లలు ఎదుగుతున్నారని ఆ ఇంటిని బాగుచేయించడానికి పూనుకున్నాం. ఇంటి నడుమ ఆకాశం కనబడే తొట్టి మీద అద్దాల కప్పు, నిలబడి వండుకునే వంటగట్టు, పైన పిల్లలకు గదులు, అన్నిటికీ ఆమె తలూపింది, ఒక్క దానికి తప్ప.

తుంటి నొప్పితో దొడ్డి మెట్లు దిగలేక, మధ్యాహ్నం దాటితే ఆమె నీళ్లు ముట్టేది కాదు. అది నా భార్య కనిపెట్టింది. "అమ్మ పెదాలు సూడు మామా, ఎట్ల పగిలినాయో. అమ్మ గదిలోనే బాత్రూము కట్టించు," అంది నాతో.

ఆ గదికి ఒక పక్క పొరుగువాళ్ల గోడ, ఇంకో పక్క దేవుడి గది. గొట్టం వేయడానికి దేవుడి గోడ పక్కన తప్ప చోటు లేదు.

"దేవుడి గోడకానించి కక్కసా? ఊరికంతా మంచి చెప్పేవోడివి, నీకు నేను చెప్పాల్నా నాయనా?" అంది అత్త.

నేను ఊళ్లోవాళ్లకు చదివి చెప్పే పురాణ గ్రంథం తెరిచాను. బడి చదువు కొంచెమే అయినా దాన్ని కూడబలుక్కుని నాకు నేనే నేర్చుకున్నాను. స్తంభంలో ఉన్నవాడు కక్కసు గోడవతల ఉండలేడా, ముసలి ప్రాణాన్ని దాహంతో ఎండగట్టమని ఏ దేవుడు చెప్పాడు అని, పనివాళ్లు తాపీలు ఆపి వినేటట్టు గర్జించాను.

ఆమె అంతా విని కొంగు సర్దుకుంది. "ఉంటాడప్పా. ఆయన యాడైనా ఉంటాడు. గోడవతల ఆయనుండాడంటే, కూసున్నా నాకే రాదు, ఏం చేసేది?"

మేస్త్రీ మొహం పక్కకు తిప్పుకున్నాడు. నేను గ్రంథం మూసి పక్కన పెట్టాను.

మర్నాడు చెప్పాను. "దేవుణ్ణి వీధి గదిలోకి మారుస్తామత్తా."

"నాకోసరం ఆయన్ని కదిలిస్తావా? ముందు ఆయన్ని అడిగినావా?"

"అడిగినా."

"ఏమన్నాడు?"

"నాకు తుంటి నొప్పి లేదు, మీ అత్తకుండాది అన్నాడు."

ఆమె నవ్వి నవ్వి దగ్గింది. "ఇన్నేండ్లు దీపం పెట్టినా నాతో ఒక్క మాటా మాట్లాడలేదు, నీతో ఇంత బాగా మాట్లాడతాడా? సరే, పటాలు పైలంగా దించు."

బాత్రూములోకి మొదటిసారి వెళ్లొచ్చి, "జారదు. బాగుండాది," అని మాత్రం అంది. రోజూ పొద్దున గోడ పట్టుకుని వీధి గదిదాకా నడిచి దీపం పెట్టేది. తోడు వస్తానంటే, "ఆయన దగ్గరికి పొయ్యే దూరం నాకు బరువా?" అనేది.

మడి పేరు చెప్పి ఇంట్లో పెద్దవాళ్ల గొంతు ఎండగడుతున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, వాళ్లకు గొంతెత్తే చెబుతున్నాను. దేవుణ్ణి జరపండి. ఆయన ఏమీ అనుకోడు.

ఆమె పోయే ముందు రోజు, గురువారం పొద్దుగూకాక, నా భార్య ఆమెకు మజ్జిగ ఇచ్చింది. తాగి, ఖాళీ గ్లాసు మళ్లీ ముందుకు చాపి, "ఇంకో గ్లాసు పొయ్యమ్మా," అంది అత్త. మంచం అంచున కూర్చుని, పై పెదవి మీద తెల్లటి చారతో, రెండు చేతులా గ్లాసు ఎత్తి, ఎక్కడా ఆగకుండా గటగటా తాగింది.