పోలయ్య మాస్టారు నేర్పిన ఎడమచేతి గుద్దు

మొన్న మందుల షాపులో నా ముందున్నాయన కొత్త బ్యాండేజీ చుట్ట విప్పి చూస్తున్నాడు. ఆ నూలు వాసన తగలగానే అక్కడ నిలబడలేకపోయాను. మందు తీసుకోకుండానే బయటికి వచ్చేశాను. పోలయ్య మాస్టారు రోజూ ఉదయం మా వేళ్ల మధ్య నుంచి మణికట్టు దాకా అలాంటి గుడ్డే చుట్టేవారు.

నలభై ఆరో ఏట నాకు షుగరు వచ్చింది. డాక్టరు నడవమన్నారు. నడక విసుగనిపించి మాస్టారి దగ్గర చేరాను. ఆయనది మొగల్తూరు దగ్గర చేపల వేటకు వెళ్లే కుటుంబం. రైల్వేలో ఉద్యోగం చేస్తూ వాళ్ల జట్టు తరఫున బాక్సింగ్ ఆడారు. రిటైరయ్యాక భీమవరంలో, మూతపడిన ఒక ఐసు ఫ్యాక్టరీ షెడ్డులో ఊక నింపిన గోనెసంచి వేలాడదీసి, మాలాంటి పొట్టలవాళ్లకు వ్యాయామంగా నేర్పేవారు. చేరేరోజే ప్రతివాడి చేతా ఒక మాట తీసుకునేవారు: ఇది మనిషి మీద వాడకూడదని. నేనూ నవ్వుతూనే మాటిచ్చాను.

మూడు నెలలు ఒక్కటే గుద్దు. ఎడమకాలు ముందుకు, పిడికిళ్లు దవడల దగ్గర. ఎడమచెయ్యి సూటిగా వెళ్లాలి, చివర్లో పిడికిలి తిరగాలి, మణికట్టు వంగకూడదు, వెళ్లిన దారినే చప్పున వెనక్కి రావాలి. ఆ వెనక్కి రావడమే నాకు పట్టుబడలేదు. ఒకరోజు ఆయన విసురువల తాడు తెచ్చి, వల విసిరేవాళ్లు వేసుకున్నట్టే నా మణికట్టుకు ఉచ్చు వేశారు. నేను కొట్టిన ప్రతిసారీ వెనక నుంచి లాగేవారు.

“విసరడం ఎవడైనా విసురుతాడండి. లాక్కోవడం తెలియాలి. కొట్టి అలా చూస్తా నిలబడిపోతారేంటి, ఫొటో తియ్యాలా?”

“సంచి తిరిగి కొట్టదు కదండీ మాస్టారూ!”

“అందుకే కదా బాబుగారూ, మీరింత ధైర్యంగా ఉన్నారు,” అన్నారు. అందరూ నవ్వారు.

ఆ వేసవిలో ఒక ఉదయం నా రొయ్యల చెరువుకు వెళ్లేసరికి గట్టు వెంట రొయ్యలు చచ్చి పడి ఉన్నాయి. కరెంటు పోయి, నీళ్లలోకి గాలి కొట్టే ఏరియేటర్లు ఆగిపోయాయి. కాపలా ఉండే వెంకన్న నాకంటే పదేళ్లు పెద్దవాడు.

“జనరేటర్ వెయ్యకుండా నిద్రపోయావా?”

“లేదండి బాబూ, అందులో డీజిల్...”

డీజిల్ తెప్పించాల్సింది నేను. రెండు రోజులుగా మర్చిపోయాను. గట్టు మీద నలుగురున్నారు. ఆ మాట పూర్తి కానివ్వకూడదనే కొట్టాను. పాదం తిరిగింది, భుజం తిరిగింది, మణికట్టు వంగలేదు. మూడు నెలల్లో అంత శుభ్రమైన గుద్దు ఒక్కటీ పడలేదు. వెంకన్న కుడికంటికి చూపు మళ్లీ రాలేదు.

నాలుగో రోజు షెడ్డుకు వెళ్లాను. మాస్టారికి అప్పటికే తెలిసిపోయింది.

“ఏ చేత్తో?”

“ఎడమచేత్తోనండి.”

“మణికట్టు వంగిందా?”

“లేదండి.”

ఆయన బల్ల మీద కూర్చుండిపోయారు. “వంగి ఉంటే మీ చెయ్యి విరిగేది. ఆయన కన్ను మిగిలేది,” అన్నారు. “వంచకూడదని నేర్పింది నేనే కదండీ.”

నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. లేచి గోనెసంచి దింపి, కుట్టు విప్పి, ఊకంతా షెడ్డు వెనక పారబోశారు. మిగతావాళ్లు ఎంత బతిమాలినా మళ్లీ ఎవరికీ నేర్పలేదు. మరుసటి ఏడు ఆయన పోయారని తెలిసి గుమ్మం దాకా వెళ్లాను. లోపలికి వెళ్లే ముఖం లేక తిరిగొచ్చేశాను.

వెంకన్న ఇంకా నా చెరువు దగ్గరే ఉన్నాడు. ఒంటికన్నుతో మరెక్కడికి వెళ్తాడు? డీజిల్ సంగతి అతను మళ్లీ ఎత్తలేదు, నేను ఒప్పుకోలేదు. ఈ మధ్య మేత పడవ ఎక్కడ కట్టాలో చూపిద్దామని చెయ్యెత్తాను. అతను ఉలిక్కిపడి ముఖం పక్కకు తిప్పుకుని, “చెప్పండి బాబూ,” అన్నాడు. అప్పటి నుంచి అతనితో చేతులు వెనక్కి కట్టుకునే మాట్లాడుతున్నాను. రోజూ మాట్లాడుతున్నాను, ఆ ఒక్క మాట తప్ప.