ఆగిన ఇంజనులో చప్పుడు

బైబిలు మీద చెయ్యి వేసి చెప్పమంటారా? వేస్తాను. పక్కన ఒక స్పానరు కూడా పెట్టండి, రెండో చెయ్యి దాని మీద వేస్తాను. నేను చెప్పేది అబద్ధమైతే రేపటి నుంచి ఒక్క బండి కూడా నా చేతిలో స్టార్టు కాకూడదు. మెకానిక్కుకి ఇంతకంటే పెద్ద ఒట్టు లేదు.

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాదని మీకందరికీ తెలుసు. సముద్రం ఒడ్డున తెల్లచీర కనబడిందంటే ఎవరో ఆరేసి మరిచిపోయారనే అంటాను. నడుస్తున్న బండి ఆగిందంటే దానికి రెండే కారణాలు. నిప్పు అందలేదు, లేదా పెట్రోలు అందలేదు. మూడో కారణం ఉంటే అది డ్రైవరు తలకాయలో ఉంటుంది. ఇప్పటికీ అదే మాట. ఆ రాత్రి కారు ఎందుకు ఆగిందో నాకు తెలుసు. నట్టు నట్టు విప్పి చెప్పగలను. నాకు తెలియనిది వేరే ఉంది... అక్కడికే వస్తున్నా.

ఇది జరిగి ఏడేళ్ళయింది. నెల్లూరులో మిషను ఆసుపత్రిలో కాన్పులు చూసే డాక్టరమ్మ ఉండేవారు, గ్రేసమ్మ గారు. ఆమె కారు నా షెడ్డుకే వచ్చేది. యుద్ధానికి ముందు ఓడలో దిగిన నల్ల కారు. చూడటానికి తాబేలు, పరుగుకి పంచకల్యాణి.

ఆ మధ్యాహ్నం ఆమె ఒకటే చెప్పినారు. వెనక సీట్లో పెట్రోలు కంపు కొడుతోంది, తల తిరుగుతోంది, ఏదో ఒకటి చెయ్యమని. చూస్తే ట్యాంకు మూత. ట్యాంకులోకి గాలి పోవడానికి ఆ మూతలో చీమ దూరేంత బెజ్జం ఉంటుంది. ట్యాంకు నిండా పోస్తే గతుకుల్లో ఆ బెజ్జంలోంచీ, మూత కింద అరిగిపోయిన వాషరు సందులోంచీ పెట్రోలు చిమ్ముతుంది. నేను సైకిలు ట్యూబు కోసి కొత్త వాషరు వేసినాను. బెజ్జంలో బట్టల సబ్బు ముక్క నలిపి నొక్కినాను. కారే చోట సబ్బు పెట్టడం మా షెడ్లలో పాత వైద్యం, ఎన్ని బండ్లకో పెట్టినాను. వాసన ఠక్కున ఆగింది. నా పనికి నేనే మురిసిపోయినాను.

రాత్రి ఎనిమిదిన్నరకి డాక్టరమ్మ నుంచి కబురు. విడవలూరు అవతల, సముద్రం ఒడ్డు పాలెం నుంచి పోలయ్య అనే జాలరి సైకిలు తొక్కుకుంటూ వచ్చినాడు. పెళ్ళానికి తొలికాన్పు. రెండు రోజులుగా నొప్పులు. మంత్రసాని చేతులెత్తేసింది. డాక్టరమ్మ డ్రైవరేమో జ్వరంతో పడుకున్నాడు. కారు నువ్వే బాగుచేసినావు కదా, నువ్వే తోలు అన్నారు ఆమె. దానికేం భాగ్యం అన్నాను. గంటలో చేరుస్తానని మాట కూడా ఇచ్చినాను.

ముందు సీట్లో నేను, పోలయ్య. వెనక అమ్మగారు, ఒళ్ళో సంచి. పెన్న దాటినాం. కోవూరు దాటినాం. విడవలూరు దాటినాం. ఇంజను పాట పాడినట్టు పోతోంది. అక్కడి నుంచి ఇసుక బాట. రెండు పక్కలా సరుగుడు తోపులు. పోలయ్య దారంతా చేతులు రెండూ తొడల మధ్య ఇరికించుకుని రోడ్డు చూస్తున్నాడు.

ఇంకో మూడు మైళ్ళు ఉందనగా... కారు ఒక్కసారి దగ్గింది. రెండోసారి దగ్గింది. మూడోసారి దగ్గనే లేదు. అలా పోయి పోయి ఇసుకలో నిలబడిపోయింది.

నేను నవ్వినాను. నిజంగా నవ్వినాను. అయిదు నిమిషాలమ్మా, దిగే పని కూడా లేదు అన్నాను.

బానెట్టు ఎత్తినాను. పోలయ్య చేతికి టార్చి ఇచ్చినాను. ప్లగ్గు వైరు పీకి ఇంజను ఒంటికి దగ్గరగా పెట్టి, కారు ముక్కులో దూర్చిన హ్యాండిలు తిప్పమన్నాను. చిట్... చిట్... నీలం రంగు నిప్పు. కాబట్టి నిప్పు ఉంది. కార్బురేటరు దగ్గర పైపు విప్పినాను. తిప్పమన్నాను. రెండు చుక్కలు రాలినాయి. అంతే. పొడి. పెట్రోలు అందడం లేదు, కాబట్టి పంపు. పంపు విప్పినాను. లోపల చర్మం లాంటి బిళ్ళ ఉంటుంది, అది బాగుంది. వాల్వులు బాగున్నాయి. ఊది చూసినాను, తుడిచినాను, బిగించినాను. మళ్ళీ పొడి.

అయిదు నిమిషాలు పోయి ఇరవై నిమిషాలయింది.

ఇక్కడ మీరు అడుగుతారు, ట్యాంకు చూడలేదేందిరా అని. చూడలేదు. ఎందుకంటే మధ్యాహ్నం నేనే చూసినాను. నేనే నింపినాను, నేనే మూసినాను. నేను చేసిన పనిని నేను మళ్ళీ చూసుకోవడం అప్పట్లో నాకు అవమానం. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఆ ఇంజనంతా వెతికినాను.

పోలయ్య అప్పుడు నోరు తెరిచినాడు. "అన్నా, నేను పరిగెత్తి పోతా. దాన్ని నొప్పుల్లో వదిలేసి వచ్చినా." డాక్టరమ్మ వద్దన్నారు. నువ్వు పోతే దారి చూపేదెవరు, ఇక్కడ హ్యాండిలు తిప్పేదెవరు అన్నారు. ఆమెకి మోకాళ్ళ నొప్పి, ఇసుకలో మూడు మైళ్ళు నడవలేరు. నాకు అప్పుడు మొదటిసారి చెమట పట్టింది.

పంపు కొడుతోందో లేదో చెవితో వినాలనుకున్నాను. మా పద్ధతి మీకు తెలిసిందే. పొడుగు స్క్రూడ్రైవరు మొన పంపు మీద పెట్టి, కొయ్యపిడి చెవికి ఆనించుకుంటే లోపలి చప్పుడు చెవిలోకి వస్తుంది. పోలయ్యను మెల్లగా తిప్పమన్నాను. వంగి, కళ్ళు మూసుకుని విన్నాను.

టప్... టప్... పంపు చప్పుడు. సరే. దాని వెనక ఇంకోటి. చిన్నది. వేగంగా. టిక టిక టిక టిక... గుడ్డలో చుట్టిన గడియారం మాదిరి. ఏ వాల్వూ అంత వేగంగా కొట్టదు. చెవి మార్చుకుని విన్నాను. ఉంది. ఒక్కటి కూడా తప్పకుండా ఉంది.

"పోలయ్యా, ఇంక ఆపు," అన్నాను.

"ఆపి చాలాసేపయిందన్నా."

కళ్ళు తెరిచినాను. హ్యాండిలు వదిలేసి దూరంగా నిలబడి ఉన్నాడు. టార్చి నా మీద వేసినాడు. ఇంజను కదలడం లేదు. నా చెవిలో మాత్రం... టిక టిక టిక టిక...

గాలి లేదు. తోపులో ఒక్క ఆకు కదలడం లేదు. సముద్రం హోరు మాత్రం ఎక్కడో దూరంగా. నేను బ్యాటరీ వైరు పీకేసినాను. మళ్ళీ చెవి పెట్టినాను. ఉంది.

అమ్మగారిని పిలిచినాను. ఆమె దిగి వచ్చినారు. నేను స్క్రూడ్రైవరు ఇస్తే తీసుకోలేదు. సంచిలోంచి స్టెతస్కోపు తీసి, నేను చూపించిన చోట పెట్టినారు. విన్నారు. ముఖంలో ఏమీ కనబడలేదు. పోలయ్య చేతిలో టార్చిని తన చేతి గడియారం మీదికి వంచుకున్నారు. పెదవులు కదులుతున్నాయి. లెక్కపెడుతున్నారు. ఒక నిమిషం... నా జీవితంలో అంత పొడుగు నిమిషం లేదు.

ఆమె నన్ను పక్కకి తీసుకుపోయినారు. పోలయ్యకి వినబడకుండా అన్నారు.

"నిమిషానికి నూట నలభై నాలుగు. ఇది ఇంజను చప్పుడు కాదు యేసోబూ. రోజూ గర్భిణుల కడుపుల మీద గొట్టం పెట్టి నేను వినే చప్పుడు."

ఆమె మళ్ళీ పోయి విన్నారు. ఈసారి కనుబొమలు ముడిపడినాయి. నూట పది అన్నారు. కాసేపటికి, తొంభై అన్నారు. తగ్గిపోతోంది, ఏదైనా చెయ్యి అన్నారు. ఏం చెయ్యమంటారో ఆమెకీ తెలియదు, నాకూ తెలియదు.

నాకు తెలిసిన పని ఒక్కటే. చప్పుడు ఎక్కడ పెద్దదైతే అక్కడికి పోవడం. స్క్రూడ్రైవరు పంపు మీద నుంచి పైపు మీదికి తెచ్చినాను. కొంచెం పెద్దది. ఇసుకలో వెల్లకిలా పడుకుని కారు కిందికి దూరినాను. పైపు వెంట వెనక్కి... వెనక్కి... ఇంకా పెద్దది. కానీ నెమ్మది. టిక్... టిక్... ట్యాంకు రేకుకి ఆనించేసరికి స్క్రూడ్రైవరు కూడా అక్కర్లేదు. చెవికే వినబడింది. టిక్............ టిక్............

బయటికి పాకినాను. మూత పట్టుకున్నాను. రాలేదు. లోపలి నుంచి ఎవరో పట్టుకుని లాగుతున్నట్టు బిగిసిపోయింది. రెండు చేతులతో, మోకాలు ఆనించి తిప్పినాను.

హుస్స్‌స్‌స్‌...

ట్యాంకు గాలి పీల్చింది. నా వేళ్ళ సందుల్లోంచి, చల్లగా, లోపలికి. ఎంతసేపో పీల్చింది. ఆ తర్వాత నిశ్శబ్దం. రేకుకి చెవి ఆనించినాను. ఏమీ లేదు. ఆగిపోయింది.

మూత లోపల నా సబ్బు ముక్క, నా కొత్త వాషరు. అప్పుడు వెలిగింది నా బుర్ర. అన్ని బండ్లకీ సబ్బు పెట్టినాను, కానీ వాటికి పాత వాషరు సందులోంచి గాలి పోయేది. ఈ కారుకి సందు కూడా మూసేసింది నేనే. పెట్రోలు పోయేకొద్దీ లోపల గాలి కరువై, పంపు ఎంత లాగినా పెట్రోలు రాలేదు. అంతే. చేసింది నేను. గోటితో సబ్బు గీకి పారేసినాను. వైరు తగిలించి హ్యాండిలు అర చుట్టు తిప్పినానో లేదో, ఇంజను అందుకుంది.

ఏమైందని అమ్మగారు అడగలేదు. గాలి పట్టేసిందమ్మా అని నేనే అన్నాను. అబద్ధం కాదు... నిజం కూడా కాదు.

పాలెం చేరేసరికి గుడిసె ముందు ఆడవాళ్ళు గుంపుగా ఉన్నారు. ఎవరూ ఏడవడం లేదు. అది మంచికో చెడుకో అర్థం కాలేదు. మగవాళ్ళు లోపలికి రాకూడదు కదా, నేను గడప బయట వీపు తిప్పి నిలబడి, చెయ్యి మాత్రం లోపలికి చాచి లాంతరు పట్టుకోవాలి. ముందు చేతులు కడుక్కోమన్నారు. అమ్మగారే నీళ్ళు పోసినారు. నా గోళ్ళ వైపు చూసినారు.

"ఇప్పటికే సబ్బు ఉందే," అన్నారు.

లోపల ఆమె బిడ్డ గుండె వినే కొయ్య గొట్టం తీసి కడుపు మీద పెట్టి ఉంటారు. ఒక నిమిషం గడిచింది. తర్వాత గట్టిగా, ఇంగ్లీషులో, నాకు వినబడేలా చెప్పినారు. నూట నలభై నాలుగు.

తెల్లవారుజామున ఆడపిల్ల పుట్టింది. మెడకి బొడ్డు తాడు రెండు చుట్లు. అమ్మగారు చుట్లు తప్పించినారు. ఏడుపు లేదు. నేను వీపు తిప్పుకుని ప్రార్థన మొదలుపెట్టినాను. మాటలు గుర్తు రాలేదు. సబ్బు, సబ్బు అనే వస్తోంది నోటికి... అప్పుడు విన్నాను. హుస్స్‌స్‌స్‌... అదే. నా వేళ్ళ సందుల్లో విన్నదే. ఆ తర్వాత ఏడుపు.

తిరిగి వస్తూ పెన్న దాటుతున్నాం. నేనే మొదలుపెట్టినాను. రేకు ముడుచుకుంటే టిక్కుటిక్కుమంటుందమ్మా, ఎండకి రేకులు అనవా, అదే అయి ఉంటుంది అన్నాను. ఆమె కిటికీలోంచి ఇసుక చూస్తూ అన్నారు.

"ఆ చప్పుడు ఏమిటో నాకు తెలియదు. ఆ సబ్బు ఎవరు పెట్టినారో తెలుసు. రెండూ ఎవరికీ చెప్పను."

చెప్పలేదు కూడా. నవ్వకండి, ఇంకొంచెం ఉంది.

మూడు నెలలకి పోలయ్య పెళ్ళాంతో, బిడ్డతో నా షెడ్డుకి వచ్చినాడు. ఆమెకి నెల్లూరు రావడమే మొదటిసారి. నేను ఏదో బండి ట్యాంకు కడుగుతున్నాను. ఆమె గడపలోనే ఆగిపోయింది. గాలి పీల్చి చూసింది.

"ఈ వాసనే," అంది. "ఆ రాత్రి మా ఇంట్లో నిండింది. ఊపిరాడలేదు నాకు. కడుపులో బిడ్డ కదలడం మానేసింది. అంతలోనే వాసన పోయింది, బిడ్డ తిరిగింది."

పోలయ్య నవ్వినాడు. అన్న లాంతరు పట్టుకున్నాడు కదా, ఆయన చేతుల వాసన పిచ్చిదానా అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"అప్పటికి మీరెవురూ రాలా."

మీరే చెప్పండి. ఆ పాలెంలో ఆమె పెట్రోలు ఎక్కడ చూసి ఉంటుంది? పోనీ, నొప్పుల్లో ముందూ వెనకా తెలియలేదేమో. రేకు చప్పుడేమో. అమ్మగారు లెక్క తప్పినారేమో. ఒక్కొక్కటి అయితే నేను కొట్టిపారేస్తాను. మూడూ కలిపి నాకు బిగించడం రాదు.

సబ్బు సంగతి పోలయ్య పెళ్ళానికి చెప్పేద్దామని నోరు తెరిచినాను. ఇది నా వల్ల, అరగంట నేనే మింగినాను, క్షమించమ్మా అందామనుకున్నాను. నేను నోరు తెరిచేలోగా ఆమె బిడ్డను నా చేతుల్లో పెట్టింది. పెట్రోలు చేతులమ్మా, వద్దు అన్నాను. వినలేదు.

బిడ్డ నన్ను చూస్తోంది. నా అరచేయి దాని వీపు కింద ఉంది. లోపల చిన్నగా, వేగంగా... టిక టిక టిక టిక...

ఎదురుగా గోడ మీద గడియారం ఉంది. ఒక నిమిషం పట్టేది అంతే. కానీ నేను లెక్కపెట్టలేదు.