ఆమె ఎక్కని కారు

మా కారు చూసి పక్కింటావిడ వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది ఒక బుధవారం. పొద్దున తొమ్మిదిన్నర అయి ఉంటుంది. పదింటికి ఆవిడకి కళ్ళ డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్. బుధవారాలు నాకు ఇంటి నుంచే పని కాబట్టి రెండేళ్ళుగా ఆవిణ్ణి అక్కడికి తీసుకెళ్ళేది నేనే.

ఆవిడకి డెబ్భై ఎనిమిదేళ్ళు. మెల్‌బోర్న్‌లో క్లేటన్ అనే ఈ పేటలో, మా వీధిలో అందరికంటే పాత మనిషి. నేను ఇక్కడి యూనివర్సిటీలో చేరిన కొత్తల్లో ఆరుగురు అమ్మాయిలం ఈ వీధి చివరే ఒక ఇంట్లో అద్దెకుండేవాళ్ళం. చలికి వణుకుతూ దుప్పట్లు కప్పుకుని చదువుకుంటున్నామని ఎలా తెలిసిందో, ఒకరోజు హీటర్ ఒకటి మోసుకొచ్చి గుమ్మంలో పెట్టి, "వెళ్ళేటప్పుడు తిరిగివ్వండి" అని చెప్పి వెళ్ళిపోయింది. అలా మొదలైంది మా పరిచయం. తర్వాత నాకు ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది. ఆవిడ పక్కిల్లే అమ్మకానికి వస్తే ఇంకేమీ ఆలోచించకుండా కొనుక్కున్నాం. ఇక్కడి పద్ధతి ప్రకారం ఆవిణ్ణి పేరు పెట్టే పిలుస్తాను. మా నాన్న మాత్రం వచ్చిన మొదటి రోజు నుంచీ "అక్కగారు" అంటారు. ఆవిడకి తెలుగు రాదు, ఆయనకి ఇంగ్లీషు అంతంత మాత్రం. అయినా కంచె దగ్గర నిలబడి గులాబీ మొక్కల గురించి అరగంట మాట్లాడుకోగలరు.

నాన్న విజయవాడ ఆటోనగర్‌లో నలభై ఏళ్ళు మెకానిక్‌గా చేశారు. లారీలు, అంబాసిడర్లు, జీపులు బాగుచేసే షెడ్డు ఆయనది. నా చిన్నప్పుడు ఒక పొగాకు వ్యాపారి తన జర్మన్ కారుని ఆ షెడ్డుకి తెచ్చాడు. ఆ రోజు నాన్న సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని గాని బానెట్ ఎత్తలేదు. ఇంటికొచ్చి అన్నం కూడా తినకుండా అమ్మకి ఆ ఇంజన్ గురించి చెప్పారు. అప్పటినుంచీ ఆయనకి ఆ కంపెనీ అంటే గురి. ఆ కంపెనీ ఎలా పుట్టిందో, ఏ పందెంలో గెలిచిందో, ఏ మోడల్ తర్వాత ఏది వచ్చిందో ఎక్కడెక్కడి పాత పత్రికల్లోనో చదివి చెప్పేవారు. షెడ్డులో ఎవరైనా పని చెడగొడితే, "జర్మనోడి పని చూడండ్రా, ఎక్కడన్నా గీత పడద్దా?" అనేవారు. నేను ఇంజనీరింగ్ చదవడానికి ఆ మాట కూడా ఒక కారణమే.

అందుకే, ఆయన ఆరు నెలల వీసా మీద మా దగ్గరికి వచ్చాక, అదే కంపెనీ కారు ఒకటి సెకండ్ హ్యాండ్‌లో మంచిది దొరికితే కొన్నాం. నలుపు రంగు. శనివారం ఇంటికి తెచ్చాం. నాన్న దాని చుట్టూ రెండుసార్లు తిరిగారు. బానెట్ మీది గుర్తుని చూపుడు వేలితో ముట్టుకున్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

బుధవారం ఆవిడ చేతికర్రతో, నవ్వుతూ గేటు వేసుకుని వచ్చింది. నాన్న ముందు తలుపు తీసి పట్టుకుని, "కమ్ అక్కగారూ, వెరీ గుడ్ ఇంజన్" అన్నారు. అప్పటిదాకా ఆవిడ చూపు దారి మీదే ఉంది. తలెత్తింది. బానెట్ మీది గుర్తు చూసింది. నవ్వు ఆగిపోయింది.

"ఇది ఎవరిది?" అంది.

"మాదే. శనివారం తెచ్చాం" అన్నాను, గొప్పగానే.

ఆవిడ మొహం తెల్లగా పాలిపోయింది. ఒక అడుగు వెనక్కి వేసింది. పడిపోతుందేమోనని ముందుకెళ్ళాను. చెయ్యి అడ్డం పెట్టింది.

"నేను ట్యాక్సీలో వెళ్తాను."

"ఏమైంది? ఒంట్లో బాలేదా?"

వెనక్కి తిరిగి వాళ్ళ గేటు తీసుకుని లోపలికెళ్ళి తలుపు వేసుకుంది. గొళ్ళెం పడిన చప్పుడు మాకు వినిపించింది. నాన్న ఇంకా కారు తలుపు పట్టుకునే ఉన్నారు.

"ఏమైందమ్మా? నేనేమన్నా తప్పు చేశానా?"

ఆ క్షణంలో నాకు వచ్చిన ఆలోచన మాత్రం ఇక్కడ రాయాలి. ఇండియా నుంచి వచ్చినవాళ్ళు ఇంత కారు కొన్నారని కుళ్ళేమో అనుకున్నాను. హీటర్ మోసుకొచ్చి ఇచ్చిన మనిషిని అలా అనుకున్నాను. ఇప్పటికీ అది గుర్తొస్తే తల వంగిపోతుంది.

మధ్యాహ్నం ఆవిడే వచ్చి తలుపు కొట్టింది. వంటింట్లో బల్ల దగ్గర కూర్చుంది. టీ ఇస్తే తాగలేదు.

"మీ నాన్నకి సారీ చెప్పాలి. ఆయన అంత మర్యాదగా తలుపు తీశాడు. నా కాళ్ళు రాలేదు" అంది.

తర్వాత నెమ్మదిగా చెప్పింది. నేను ఒక్కో మాటా నాన్నకి తెలుగులో చెబుతున్నాను.

వాళ్ళమ్మది పోలండ్‌లో ఒక పల్లెటూరు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, ఒక ఆదివారం చర్చిలో ప్రార్థన అవుతుంటే జర్మన్ సైనికులు వచ్చి తలుపుల దగ్గర నిలబడ్డారట. బయటికొచ్చినవాళ్ళలో వయసులో ఉన్నవాళ్ళని వచ్చినట్టే లారీలెక్కించారు. అప్పటికి ఆవిడ తల్లికి పదిహేడేళ్ళు. ఒంటి మీద చర్చి కోసం కట్టుకున్న బట్టలే. పశువుల్ని తీసుకెళ్ళే రైల్లో రోజుల తరబడి తీసుకెళ్ళి ఒక ఫ్యాక్టరీ దగ్గర దింపారు. ఆ ఫ్యాక్టరీ మా కారు కంపెనీదే. యుద్ధంలో కార్లు పక్కన పెట్టి విమానాల ఇంజన్లు చేసేవాళ్ళట. చుట్టూ ముళ్ళకంచె, లోపల చెక్క గదులు. పోలండ్ మనిషని తెలిసేలా ఛాతీ మీద పీ అక్షరం ఉన్న పసుపుపచ్చ గుడ్డముక్క కుట్టుకోవాలి. అది లేకుండా కనిపిస్తే శిక్ష.

ఇదంతా చెబుతున్నప్పుడు ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. ఎప్పుడో చదివిన సంగతి చెబుతున్నట్టే చెప్పింది. తర్వాత ఒక వాక్యం దగ్గర నేనే ఆగిపోయాను.

"ఏం చెప్పిందమ్మా?" అన్నారు నాన్న.

"వాళ్ళమ్మకి రేకులు నొక్కే ప్రెస్సు మిషన్లో రెండు వేళ్ళు పోయాయట నాన్నా."

నాన్న కుర్చీలో కదిలారు. "ఏ చెయ్యి?"

ఆవిడ కుడిచెయ్యి ఎత్తి, చూపుడు వేలు, మధ్య వేలు మడిచి చూపించింది.

"మిషన్‌కి గార్డు లేదా అని అడుగు" అన్నారు నాన్న. ప్రెస్సులో చెయ్యి పడకుండా అడ్డుండే రేకుని ఆయన షెడ్డులో గార్డనే అంటారు. అడిగాను.

"గార్డు ఉన్నాడు. తుపాకీతో" అంది ఆవిడ.

ఆ మాట నేను తెలుగులో చెప్పక్కర్లేకపోయింది.

కట్టు విప్పగానే ఆ పిల్లని మళ్ళీ అదే మిషన్ దగ్గర నిలబెట్టారట. యుద్ధం అయిపోయాక, ఊరికి తిరిగి వెళ్ళే దారి లేక, శరణార్థుల శిబిరంలో ఉండగా సాటి కార్మికుణ్ణి పెళ్ళి చేసుకుంది. మా పక్కింటావిడ పుట్టింది ఆ శిబిరంలోనే. చంటిపిల్లగా ఓడలో మెల్‌బోర్న్ వచ్చింది. ఇక్కడ వాళ్ళమ్మ బిస్కెట్ల ఫ్యాక్టరీలో మిగిలిన వేళ్ళతోనే డబ్బాలు సర్దే పని చేసింది. టీవీలో ఆ కారు ప్రకటన వస్తే మాత్రం లేచి వరండాలోకి వెళ్ళిపోయేదట. పిల్లలకి చాలా ఏళ్ళు కారణం తెలియదు.

ఆవిడ వెళ్ళాక లాప్‌టాప్ తీసి కంపెనీ చరిత్ర పేజీ తెరిచాను. కారు కొనేముందు నాన్నా నేనూ కలిసి చదివిన పేజీయే. మొదటి ఇంజన్, మొదటి పందెం, పాత ఫొటోలు. అవి దాటి ఇంకొంచెం కిందికి వెళ్ళాను. అక్కడుంది. బలవంతంగా తెచ్చిన మనుషుల చేత పని చేయించామని, అది తమ బాధ్యతేనని కంపెనీ తన మాటల్లోనే రాసుకుంది. కంచె ఫొటో కూడా పెట్టింది. ఎవరూ దాచలేదు. దాచి ఉంటే వాళ్ళ మీద కోపం తెచ్చుకుని ఊరుకునేదాన్ని. ఇంజన్ హార్స్‌పవర్ లెక్కలు బట్టీ పట్టిన నేను ఆ పేజీ చివరిదాకా వెళ్ళలేదు, అంతే.

నాన్నకి చదివి వినిపించాను.

"నలభై ఏళ్ళు ఆ పేరు చెప్పి మనుషుల్ని తిట్టానమ్మా. గీత పడలేదు చూడండ్రా అని. గీత పడకుండా చేసిందెవరో నాకేం తెలుసు?"

"ఇప్పుడున్నవాళ్ళు వేరు నాన్నా. ఒప్పుకున్నారు కదా."

"ఒప్పుకోనోళ్ళ కంటే నయమే."

"మరి?"

"మరేం లేదు."

మర్నాటి నుంచి ఆయన ఆ కారెక్కలేదు. గుడికి బస్సులో వెళ్తానన్నారు. నాకు కోపం వచ్చింది. ఇలా చూసుకుంటూ పోతే లోకంలో ఏ వస్తువు ముట్టుకోగలం అని వాదించాను. ఆయన బస్ కార్డు ఎలా వాడాలో చూపించమన్నారు.

వారం తర్వాత కంచె దగ్గర నుంచి నన్ను పిలిచారు. అటువైపు ఆవిడ ఉంది. "వాళ్ళమ్మ కాగితాలేమన్నా ఉన్నాయేమో అడుగు. ఫ్యాక్టరీ అన్నాక మనిషికో కార్డు ఉంటదిగా."

ఆవిడ దగ్గర ఏమీ లేవు. అయితే ఆ కాలపు కాగితాలు భద్రపరిచే సంస్థ ఒకటి జర్మనీలో ఉందని, కుటుంబాలవాళ్ళు అడిగితే వెతికి ఇస్తారని నెట్‌లో చూశాను. ఆవిడ మొదట వద్దంది. రెండు రోజులు ఆలోచించి, తల్లి పేరు, ఊరి పేరు ఒక చీటీ మీద రాసి తెచ్చి ఇచ్చింది. దరఖాస్తు పంపాను. నెలలు గడిచాయి, నాన్న తిరుగు ప్రయాణం దగ్గర పడింది. ఏమీ దొరికి ఉండదనుకున్నాను.

ఒక శుక్రవారం సాయంత్రం ఈమెయిల్ వచ్చింది. నేను తెరవకుండా లాప్‌టాప్ పట్టుకుని ఆవిడ ఇంటికెళ్ళాను. నాన్న వెనకే వచ్చారు. ముగ్గురం సోఫాలో కూర్చుని తెరిచాం.

ఒక కార్డు. ఎడమవైపు చిన్న ఫొటో. పల్చటి మొహం, బిగించిన పెదాలు, భుజం మీంచి ముందుకి వేసుకున్న జడ, ఛాతీ మీద ఆ గుడ్డముక్క. తల్లి పడుచు వయసులో ఉన్నప్పటి ఫొటో ఆవిడ ఎప్పుడూ చూడలేదట. "అమ్మ" అంది, ఇంగ్లీషులో కాదు, వాళ్ళ భాషలో. ఆ ఒక్క మాటా నాన్నకి కూడా అర్థమైంది.

కార్డు కింద రెండు నల్లటి మరకలున్నాయి. నాన్న కళ్ళజోడు సర్దుకుని వంగి చూశారు. "వేలిముద్రలమ్మా ఇవి."

వాటి కింద జర్మన్‌లో ఏదో అచ్చు వేసి ఉంది. ఫోన్‌లో అనువాదం పెట్టి చూశాను. ఎడమ చూపుడు వేలు, కుడి చూపుడు వేలు. కార్డు మీది తేదీ చూశాం. ఆ పిల్ల ఫ్యాక్టరీకి వచ్చిన మొదటి వారం అది. అప్పటికి వేళ్ళన్నీ ఉన్నాయి.

ఆవిడ తెర మీది కుడి ముద్రకి తన వేలు ఆనించింది.

"ఈ వేలు నేను ఎప్పుడూ చూడలేదు" అంది.

ఇన్ని నెలలుగా ఆ వేళ్ళు పోయాయన్న మాటే నా తలలో ఉంది గాని, పోకముందు ఉన్నాయన్నది ఎప్పుడూ తట్టలేదు. గీతలతో సహా స్పష్టంగా ఉందది. ఆవిడ అప్పుడు మొదటిసారి గొంతు పెంచింది.

"వేలు తీసేసుకున్నారు. ముద్ర మాత్రం ఎంత భద్రంగా దాచారో చూడు."

నాన్న లేచి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చారు. ఆవిడ ముందు పెట్టి, పక్కనే కూర్చుని, "అక్కగారూ" అన్నారు. ఆవిడ ఆయన మోచెయ్యి పట్టుకుని అలాగే ఉండిపోయింది. నాన్న చేతుల నిండా గాట్లే. నలభై ఏళ్ళ స్పానర్ల గాట్లు. కానీ పది వేళ్ళూ ఉన్నాయి.

నాన్న వెళ్ళిపోయాక కారు అమ్మేస్తానని ఆవిడతో అన్నాను. తిట్టింది.

"నువ్వు అమ్మితే మా అమ్మ వేళ్ళు వస్తాయా? నీ కారు నువ్వు తోలుకో. నన్ను మాత్రం ఎక్కమనకు."

అందుకే కారు మా దగ్గరే ఉంది. ఆఫీసుకి దానిలోనే వెళ్తున్నాను. బాగానే నడుస్తుంది. ఎక్కిన ప్రతిసారీ గుర్తొస్తుందని చెబితే అబద్ధం. కొన్నిసార్లు గుర్తొస్తుంది, కొన్నిసార్లు ట్రాఫిక్ గొడవలో మర్చిపోతాను. మర్చిపోయానని తెలిసినప్పుడు మాత్రం ఉలిక్కిపడతాను. బుధవారాలు మా ఆయన చిన్న కారు అడిగి తీసుకుంటాను. ఆవిడ పక్కన కూర్చుని, నేను బ్రేకు గట్టిగా వేస్తానని సణుగుతుంది.

పోయిన నెల డాక్టరు ఎడమ కంటి చూపు ఇంకొంచెం తగ్గిందన్నాడు. తిరిగి వస్తుంటే, ఆ ఫొటో పెద్దది చేయించగలవా అని అడిగింది. చేయిస్తానన్నాను. మొహం వరకే చాలు, ఆ గుడ్డముక్క వద్దంది. ఇంటికొచ్చి ఆవిడ ముందే లాప్‌టాప్‌లో కత్తిరించబోయాను. జడ సరిగ్గా ఆ గుడ్డ మీదికే పడి ఉంది. ఎక్కడ కోసినా జడ కూడా పోతోంది. రెండు మూడు రకాలుగా చేసి చూపించాను.

ఆవిడ కళ్ళు దగ్గరగా పెట్టి చూసింది.

"వద్దులే, ఉండనీ. జడ చాలా బాగుంది" అంది.