ఆస్పత్రిలో పెద్దమ్మ బేరం

మా పెద్దమ్మ దేన్నీ అడిగినంతకి ఒప్పుకునేది కాదు. అది వస్తువు ధరే కానక్కర్లేదు. టైము, దూరం, జ్వరం, వర్షం, ఏదైనా సరే ముందు "అంతా?" అనేది. తర్వాత "మరీ అన్యాయం" అనేది. ఆ తర్వాత తన లెక్క చెప్పేది.

పళ్ళ డాక్టరు రెండు పళ్ళు పీకాలంటే ఒకదానికి దింపింది. "ముందు ఇది పీకండి. పని బాగుంటే రెండోది కూడా మీకే ఇస్తాను" అంది. ఒకసారి బస్సు డ్రైవరుతో స్టాపు దగ్గర తగువు పెట్టుకుని, ఆయన ఒక స్టాపంటే తను ఇంకో స్టాపని, చివరికి రెండింటికీ మధ్యలో దిగింది. దానివల్ల ఇంటికి ఇంకా ఎక్కువ దూరం నడవాల్సి వచ్చింది. "నడిస్తే నడిచాను, మాట నెగ్గింది" అంది కాళ్ళు పిసుక్కుంటూ.

ఆవిడకి పాత సామాను దుకాణం ఉండేది. కుర్చీలు, బల్లలు, అద్దం పగిలిన బీరువాలు. బేరం రాని మనిషెవరైనా వచ్చి చెప్పిన ధరకే తలూపితే ఆవిడ ప్రాణం ఉసూరుమనేది.

"అదేంటయ్యా, కుర్చీ కాలు ఊగుతోంది, కనబడటం లేదా? తగ్గించమని అడుగు."

ఆ మనిషి బిక్కమొహం వేస్తే అతని తరఫున ఆవిడే అడిగేది, ఆవిడే కాదనేది, ఆవిడే తగ్గించేది. కొన్నిసార్లు అతని వైపు నుంచి మరీ గట్టిగా వాదించి తనే నష్టపోయేది.

మా అమ్మ ఆవిడకి స్వయానా చెల్లెలు. అమ్మ పోయాక నన్నూ, మా చెల్లినీ పెంచింది పెద్దమ్మే. అమ్మకి రొమ్ము కాన్సర్. కనుక్కునేసరికే అది ఎముకల్లోకి పాకిపోయింది. డాక్టరు వరండాలోనే తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయాడు. పెద్దమ్మ ఆయన వెనకాల మెట్ల దాకా పరుగెత్తి, ఒక్కతే తిరిగొచ్చింది. "బేరమాడాలంటే అవతల మనిషి నిలబడాలి కదరా" అంది. ఆ మాటకి నవ్వాలో ఏడవాలో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.

చెల్లి మాత్రం ఆ తర్వాత ఆస్పత్రి గుమ్మం తొక్కలేదు. ఒళ్ళు కాలిపోతున్నా సరే, "అమ్మకేం చేశారు, నాకు చెయ్యడానికి?" అనేది. పెద్దయ్యాక పెద్దమ్మతోపాటే దుకాణం చూసుకునేది. పెద్దమ్మతో బేరానికి దిగి గెలవగలిగిన మనిషి ఈ లోకంలో అదొక్కతే.

చాలా ఏళ్ళ తర్వాత అదే జబ్బు పెద్దమ్మకి వచ్చింది. ఈసారి తొలిదశలోనే దొరికింది. ఆపరేషను, మందులు అన్నీ మాట్లాడాక డాక్టరు ఒక ట్రయల్ సంగతి చెప్పాడు. మామూలు వైద్యానికి ఒక కొత్త మందు కలిపితే జబ్బు తిరిగి రాకుండా ఉంటుందేమోనని పరీక్షిస్తున్నారట. అందరినీ తీసుకోరు, కొన్ని షరతులున్నాయి, నర్సుని కలవండి అన్నాడు. పెద్దమ్మ మొహం వెలిగిపోయింది. ఇన్నాళ్ళకి అవతల నిలబడే మనిషి దొరికారు.

"నువ్వూ రావాలి" అంది చెల్లితో.

"నేను రానని తెలుసు కదా పెద్దమ్మా."

"లోపలికి రావద్దులే. గేటు దాకా రా."

"సరే, గేటు దాకా."

గేటు దగ్గరికొచ్చాక, "ఎండగా ఉంది, వరండా దాకా రా" అంది. వరండాలో, "ఈ సంచి బరువుగా ఉంది, గది గుమ్మం దాకా పట్టుకో" అంది. గుమ్మం దగ్గర, "గాలికి తలుపు కొట్టుకుంటోంది, లోపలుండి పట్టుకో" అంది. నర్సు ఎదుట కుర్చీలో కూర్చున్నాక గానీ చెల్లికి తను ఓడిపోయిన సంగతి తెలియలేదు.

నర్సు కళ్ళజోడు పెట్టుకున్న సన్నటి మనిషి. నెమ్మదస్తురాలు. పెద్దమ్మ సంగతి తెలియదు పాపం.

"వయసు పద్దెనిమిది దాటి ఉండాలమ్మా."

"పైన ఎంత దాకా?"

"పైన పరిమితేమీ లేదు."

"నాకు అరవై దాటాయి. పోనీ, ముప్ఫై నాలుగైతే?"

నర్సు కళ్ళజోడు పైకి తోసుకుంది. "మీకు ముప్ఫై నాలుగు కాదు కదమ్మా."

"మాటవరసకి."

"తీసుకుంటాం."

"అలా చెప్పండి" అంది పెద్దమ్మ, ఏదో తగ్గించినట్టు.

జబ్బు రొమ్ము వరకే గానీ, మహా అయితే చంకలో ఉండే గ్రంథుల వరకే గానీ ఉండాలని, అది దాటి పాకి ఉండకూడదని నర్సు చెప్పింది.

"చంక దాకా వస్తే వదిలెయ్యరు కదా?"

"వదలం. అది కూడా తొలిదశ కిందకే వస్తుంది."

"నీకు చంక దాకా రాలేదుగా" అన్నాను నేను.

"నువ్వుండు. బేరం మధ్యలో దూరకు." మళ్ళీ నర్సు వైపు తిరిగింది. "గడ్డ ఉందిగానీ నొప్పి లేదు. అప్పుడో?"

"చాలామందికి నొప్పి ఉండదమ్మా."

"పెళ్ళి కానివాళ్ళని తీసుకుంటారా?"

నర్సు పెన్ను కింద పెట్టింది. "పెళ్ళితో మాకు పని లేదమ్మా. గర్భవతి అయి ఉండకూడదు. మందు కడుపులో బిడ్డకి మంచిది కాదు."

పెద్దమ్మ కాసేపు గంభీరంగా ఆలోచించి, "ఆ అనుమానం లేదు" అంది. నేను నవ్వు ఆపుకోలేక దగ్గాను. చెల్లి నవ్వలేదు. గచ్చు వైపే చూస్తూ కూర్చుంది.

"ఆలస్యంగా వచ్చినవాళ్ళ సంగతేంటి? గడ్డ ఉందని తెలిసి కూడా భయపడి రెండు నెలలు దాచుకున్నవాళ్ళు?"

"పరీక్షలు చేసి చూస్తాం. అవి చూశాకే చెప్పగలం."

"దాచుకున్నందుకు తిడతారా?"

"ఎందుకు తిడతామమ్మా?"

"కొంచెం కూడా?"

"కొంచెం కూడా తిట్టం."

పెద్దమ్మ తృప్తిగా వెనక్కి ఆనుకుంది. అప్పుడు నర్సు గుండె పరీక్ష కాగితం తీసింది. చదివింది. మళ్ళీ చదివింది.

"ఈ మందు గుండె మీద భారం వేస్తుంది. అందుకని గుండె గట్టిగా ఉన్నవాళ్ళనే తీసుకుంటాం. మీ గుండె రక్తాన్ని తొయ్యాల్సినంత తొయ్యడం లేదమ్మా. మిమ్మల్ని తీసుకోలేం."

"అంతా? కొంచెం తగ్గండి."

"ఇందులో తగ్గడానికి లేదమ్మా. తగ్గితే మీకే ప్రమాదం."

"మందు సగమే ఇవ్వండి."

"కుదరదమ్మా."

"పావు వంతు."

"అమ్మా" అంది నర్సు, చెయ్యి ఆవిడ చేతి మీద వేసి.

పెద్దమ్మ ఆగిపోయింది. ఆవిడ బేరాన్ని మధ్యలో వదిలెయ్యడం నేనెన్నడూ చూడలేదు. మామూలు వైద్యం ఎక్కడా ఆగదనీ, అది కూడా మంచి వైద్యమేననీ నర్సు చెబుతూనే ఉంది. పెద్దమ్మ సంచి పట్టీ సర్దుకుని "సరే" అంది. ఇంత చిన్న మాట ఆవిడ నోట అంతకుముందు రాలేదు.

లేవబోయింది.

"ముప్ఫై నాలుగు" అంది చెల్లి.

నాకేమీ అర్థం కాలేదు.

"నాకు ముప్ఫై నాలుగు. ఎడమ వైపు ఉంది. నొప్పి లేదు. పెళ్ళి కాలేదు." గచ్చు మీంచి చూపు ఎత్తకుండానే చెప్పింది. "రెండు నెలలైంది. తిట్టనన్నారుగా."

నర్సు కుర్చీ ముందుకు జరుపుకుని, "తిట్టను" అంది.

చెల్లిని పరీక్షకి లోపలికి తీసుకెళ్ళాక వరండాలో పెద్దమ్మ పక్కన కూలబడ్డాను.

"నీకెప్పుడు తెలిసింది?"

"అది కుర్చీల్ని గుండెకి ఆనించుకుని మోసేది. రెండు నెలలుగా తల మీద పెట్టుకుని మోస్తోంది."

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా."

"చెబితే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేవాడివి. లాగితే వచ్చే రకమా అది? నా పెంపకం."

"మరి నీ గుండె సంగతి?"

"అది పాత సామానురా. నన్ను తీసుకోరని డాక్టరు మొన్నే చెవిలో వేశాడు."

"తెలిసి మరి అంతసేపు ఎందుకు వాదించావు?"

పెద్దమ్మ లోపలి తలుపు వైపు చూసింది. తర్వాత అంది: "ఏమో. దిగొస్తారేమోనని."

చెల్లికి జబ్బు చంక దాకా వచ్చింది, అక్కడే ఆగింది. నర్సు అవే షరతులు మళ్ళీ మొదటి నుంచి చదివింది. ఈసారి గుండె దగ్గర కూడా ఆగలేదు. మామూలు వైద్యం అందరికీ ఉంటుంది; దానికి తోడు కొత్త మందు ఎవరికి, అచ్చం అలాగే కనబడే ఉత్తుత్తి మందు ఎవరికి అన్నది కంప్యూటరు చీటీ తీసినట్టు తేలుస్తుందట. ఏది పడిందో చెల్లికీ చెప్పరు, నర్సుకీ తెలియదు. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానుకోవచ్చు. చెల్లి కాగితాలు ఇంటికి తెచ్చుకుని, చదువుకుని, సంతకం పెట్టింది. "సరుకేమిటో చూపించకుండా అంటగడితే బేరమెలా ఆడతారు?" అని పెద్దమ్మ వారం రోజులు సణిగింది. అయినా చెల్లి ఆస్పత్రికి వెళ్ళిన ప్రతిసారీ వెంట వెళ్ళి, నర్సుని పలకరించి, ఆ గదిలో కుర్చీలు ఎంతకి అమ్ముతారని అడిగి వచ్చేది.

పెద్దమ్మ వైద్యం కూడా బాగానే సాగింది. ఆవిడని తీసుకుపోయింది ఆ జబ్బు కాదు. మరుసటి ఏడు వానల్లో, దుకాణం తెరిచి కూర్చున్న ఒక మధ్యాహ్నం గుండె ఆగిపోయింది. ఎదురుగా ఒక బల్ల, బల్లకి అటువైపు తగ్గించమని అడగడానికి మొహమాటపడుతున్న ఒక మనిషి. ఆ బల్ల అతనికి ఊరికే ఇచ్చేశాం.

చెల్లి మందులు పూర్తయిన రోజు నేనూ వెంట ఉన్నాను. జుట్టు మళ్ళీ చెవుల దాకా పెరిగింది. నర్సు కాగితాలన్నీ సర్ది, "ఇక మందులు లేవు. పదేళ్ళ పాటు ఏడాదికోసారి వచ్చి కనబడితే చాలు" అంది.

"పదేళ్ళేనా?" అంది చెల్లి.

నర్సు తలెత్తింది.

"మరీ అన్యాయం. నలభై చెయ్యండి."

నర్సు కళ్ళజోడు తీసింది. పైటతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. "ముప్ఫై" అంది.

చెల్లి సంచి భుజానికి తగిలించుకుని, లేచి, గుమ్మం దాకా నడిచింది.

"వెళ్ళిపోకు, వెళ్ళిపోకు" అంది నర్సు. "ముప్ఫై అయిదు. అంతకన్నా నా వల్ల కాదు."