ఫ్రెంచి సైకిలు నట్టు

ఒక ఇనప నట్టు ఎంత బరువుంటుంది? నేను దాన్ని నలభై ఏళ్లుగా మోస్తున్నాను. ఇంట్లో ఎవరికీ తెలియదు. మీరు నాకేమీ కారు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

ఎనభైలలో యానాంలో మేం కొందరం కలిసి, పాత సైకిళ్లు అడిగి తెచ్చి, బాగుచేసి, దూరం నుంచి నడిచి బడికి వచ్చే పిల్లలకి ఇచ్చేవాళ్లం. ప్రతి ఆదివారం ఒక ఖాళీ షెడ్డులో పని. రంగులు వేసి, చెయిన్ కవరు మీద పిల్లల పేర్లు రాయడం నా వంతు. బిగింపులన్నీ రాజారావు గారివి. మెట్టకూరు నుంచి వచ్చేవారు. ఎక్కువ మాట్లాడేవారు కాదు. నా బ్రష్షు గట్టిపడితే కిరసనాయిలు గిన్నె నా వైపు జరిపేవారు, అంతే. ఆ మాత్రానికే వారమంతా ఆదివారం కోసం ఎదురుచూసేదాన్ని. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. దాన్ని సాకుగా చెప్పడం లేదు.

ఆ ఏడు బళ్లు తెరిచేనాటికి ఒక్క సైకిలే మిగిలింది. పాండిచ్చేరి వెళ్లిపోయిన కుటుంబమొకటి వదిలేసిన ఫ్రెంచి సైకిలు. అడవిపొలం అనే పల్లె నుంచి వచ్చే సత్యవతికి ఇవ్వాలి. ఎనిమిదో తరగతి. పేరు కూడా రాసేశాను. వెనక చక్రం బిగిస్తే పని అయిపోతుంది. అయిపోతే ఆయన ఇక రారు.

విప్పిన నట్లలో ఒకటి తీసి కొంగున ముడేసుకున్నాను. ఫ్రెంచి నట్టు మర వేరు, మన బజారు నట్లు దానికి ఎక్కవు. అది తెలిసే తీశాను. ఒక్క వారమే అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నానా? ఏమో. ఆయన కాకినాడ కొట్లన్నీ తిరిగారు, పాండిచ్చేరికి ఉత్తరం రాశారు, ప్రతి ఆదివారం వచ్చి షెడ్డు నేలంతా వెతికారు, పక్కనే కూర్చుని నేనూ వెతికాను, ఆ వెతుకులాటలో మా చేతులు తగిలితే సిగ్గులేకుండా సంతోషించాను.

సత్యవతి కూడా వచ్చేది. ఒకసారి నా పక్కన కూలబడి అడిగింది.

"ఈ వారమన్నా అయిపోద్దా అక్కా? నడిచొచ్చేసరికి బెల్లు కొట్టేత్తన్నారు. రోజూ బయటే నించోబెడతన్నారు."

"అయిపోద్ది లేవే. ఆ నట్టొక్కటి దొరకాలి."

"మా అమ్మ బడి మానిపించేత్తానంటంది."

నేను చేతికంటిన రంగు తుడుచుకున్నాను. నట్టు ఇంట్లో నా కుంకుమ భరిణెలో ఉంది.

వానలు పట్టాయి. దసరా సెలవుల తర్వాత ఆ పిల్ల బడికి రాలేదు. తల్లితో పాటు చేపల గంప ఎత్తుకుందని తెలిసింది. తర్వాతి ఆదివారం నట్టు తెచ్చి, బల్ల కింద దొరికినట్టు నటించాను. ఆయన అప్పటికప్పుడు బిగించి, ఆ సైకిలు తొక్కుకుంటూ అడవిపొలం వెళ్లారు. దాని మీదే తిరిగొచ్చారు. ఇక వద్దు బాబూ అందట తల్లి. తప్పు తనదేనని, మొదటిరోజే బల్ల కింద సరిగ్గా చూడాల్సిందని ఆమెకి చేతులు జోడించి చెప్పి వచ్చారట. ఆయన కళ్లు ఎర్రబడి ఉన్నాయి. అప్పుడు చెప్పాల్సింది. సత్యవతి పేరు చెరిపి, ఇంకో పేరు రాశాను. ఆయన మళ్లీ రాలేదు.

సత్యవతికి ఇప్పుడు యాభై దాటి ఉంటాయి. క్షమించమని అడిగే మొహం నాకు లేదు. రాజారావు గారు ఆ తప్పు తనదేననుకుంటూనే బతికి ఉంటారు. ఇంకొకటుంది, అది దాచితే చెప్పిందంతా సగమే. నేను ఏడవాల్సింది ఆ పిల్ల కోసం. కానీ ఇప్పటికీ ఆదివారం వస్తే ముందు ఆయనే గుర్తొస్తారు. ఆ తర్వాతే సత్యవతి.

చెప్పేశాను.