గట్టయ్య రెండుసార్లు ఎక్కించిన ఇంజన్

గట్టయ్య అంటే నాకు కడుపుమంట. ముందే చెప్పేస్తున్నాను, దాచినా దాగేది కాదు. కరీంనగర్ బైపాస్ రోడ్డులో ఇరవై ఏళ్లుగా కార్లు బాగుచేస్తున్నాను. ఐటీఐ చదివాను, సర్టిఫికెట్‌కు అద్దం కట్టించి షెడ్డులో తగిలించాను. గట్టయ్యకు అలాంటివేమీ లేవు. సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, రిపేరు చేసుకునేవాడు. అక్కడ పని తగ్గి ఆరేళ్ల కింద వచ్చి నా పక్కనే రేకులు వేసుకున్నాడు. మొదట్లో ఏ స్పానర్ దేనికో కూడా నన్నే అడిగేవాడు. ఇప్పుడు జనం నా షెడ్డు ముందు బండి ఆపి, "గట్టయ్య షెడ్డు ఏదన్నా?" అని నన్నే అడుగుతారు. చూపిస్తాను, ఏం చేస్తాను!

వాడి పని తీరు చూస్తే ఇంకా మంట. నడుస్తున్న ఇంజన్ మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని నిలబడతాడు. అంతే, రోగం ఎక్కడుందో చెప్పేస్తాడు. సాంచాల రొదలో చెవులు పనిచేయవట, చేత్తోనే కనిపెట్టాలట. పాత బోల్టు ఒక్కటి కూడా పారేయడు. అదీ అక్కడి అలవాటే.

పోయిన నెల హుస్నాబాద్ నుంచి రోజారాణి అనే టీచరమ్మ తన ఆటోమేటిక్ కారును లాగించుకొచ్చింది. ఇంజన్ పట్టేసింది, గేర్‌బాక్స్ కూడా పోయింది. ముందు నా దగ్గరికే వచ్చింది. "తుక్కుకు అమ్ముకోండి మేడం" అన్నాను. ఆమె పక్క షెడ్డుకు పోయింది.

గట్టయ్య బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. "వేరే ఇంజన్ ఎక్కిద్దాం మేడం. ఆటోమేటిక్ తీసేసి గేర్ల బండి చేస్త. మీ ఎడమ కాలుకు జర పని పడుతది, గంతే" అన్నాడు.

మా లైన్లో ఎవరూ చేయని పని అది. ఆ బండి నడిచిందంటే ఇక నా పేరు ఎవరూ తలవరు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

తుక్కు దుకాణంలో అదే మోడల్ ఆటోమేటిక్ కారు ఇంజన్ దొరికింది వాడికి. గేర్‌బాక్స్, క్లచ్, ఇంజన్ వెనక బిగించే బరువు చక్రం ఫ్లైవీల్, పెడళ్లు యాక్సిడెంట్ అయిన ఇంకో బండి నుంచి తెచ్చాడు. టీ వంకతో రోజూ పోయి చూశాను, ఎక్కడైనా తప్పు చేస్తాడేమోనని. నాకు కనబడినంతలో చేయలేదు.

అన్నీ బిగించి తాళం తిప్పాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. బ్యాటరీ మార్చాడు, సెల్ఫ్ మోటారు మార్చాడు. ఊహూ. నాకు మాత్రం వెంటనే తెలిసిపోయింది. గేర్లో ఉండగా బండి స్టార్ట్ కాకుండా ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కు ఒక స్విచ్ ఉంటుంది. గేర్‌బాక్స్‌తో పాటు అదీ పోయింది, దాని వైర్లు రెండూ గాల్లో వేలాడుతున్నాయి. కలిపితే చాలు.

"లింగన్నా, జర చూడరాదే" అని పిలిచాడు గట్టయ్య.

నన్ను పిలిచాడు! ఎంత హాయిగా ఉందో చెప్పలేను. వంగి చూసినట్టు నటించాను.

"సెల్ఫ్ పళ్లు ఫ్లైవీల్ చక్రంల ఇరుక్కున్నయి. మొత్తం దించి చూడు" అన్నాను.

"గట్లనంటవా?"

"ఇరవై ఏండ్ల నుంచి చేస్తున్న, నాకు ఎర్కలేదా?"

నమ్మాడు. రెండు రోజులు చెమటలు కక్కుతూ ఇంజన్ దించాడు. ఆ చప్పుళ్లు వింటూ నేను మారు వడ్డించుకుని తిన్నాను.

నాలుగో రోజు పొద్దున ఆ కారు స్టార్టయిన చప్పుడు వినిపించింది. పరుగున పోయాను. రోజారాణి మేడం అక్కడే ఉంది.

"గీ లింగన్న చెప్పకుంటే నేను దించకపోదును మేడం" అంటున్నాడు గట్టయ్య. వాడి అరచేతిలో బోల్టులు. "దించి చెయ్యి పెడితే ఫ్లైవీల్ చక్రం జరంత కదిలింది. ఆటోమేటిక్‌కు దీని జాగల పలుచటి ప్లేటుంటది, దాని పొట్టి బోల్టులే ఈ బరువు చక్రానికి బిగించిన. పాతయి పారేయబుద్ధి కాక. రోడ్డు మీద ఊడితే మీ కాళ్లు పోతుండె."

మేడం నాకు రెండు చేతులా దండం పెట్టింది. సిగ్గు లేకుండా తీసుకున్నాను.

"మరి స్టార్టెట్లయింది?" అన్నాను, నోరు ఊరుకోక.

"పోగు తెగితే సాంచ దానంతటదే ఆగుతది గదన్నా. గట్ల దీన్ని కూడా ఏదో ఆపుతున్నదని వెతికిన. రెండు వైర్లు తెగి ఉన్నయి, కలిపిన." నా ముఖంలోకి చూశాడు. "గా వైర్ల సంగతి నీకు ఎర్కలేదా లింగన్నా?"

తెలుసంటే దొంగను. మేడం కూడా నావైపే చూస్తోంది.

"లేదు" అన్నాను.

"గట్లనా? రా, సూపిస్త" అని నా చెయ్యి పట్టుకుని బానెట్ కిందికి తీసుకుపోయాడు. ఆ రెండు వైర్లు ఎక్కడి నుంచి వస్తాయో, ఎందుకు వస్తాయో, ఒక్కొక్కటీ వేలు పెట్టి చెప్పాడు. నేను తల ఊపుతూ విన్నాను.

"సమజైందా అన్నా?" అని అడిగాడు.

అయిందన్నాను.